స్క్రీను నల్లబడిన శుక్రవారాలు

రాజంపేట,
12 జూలై 2009, ఆదివారం.

బావకు,

నీ మరదలు శిల్ప రాస్తున్న జాబు. ఇక్కడ అత్త, నేను, అమూల్య ముగ్గురమూ బాగున్నాం. కువైట్‌లో నువ్వు కూడా బాగున్నావని తలుస్తున్నానని రాయాలి కదా. అందరూ రాసేదే, నేనూ రాస్తున్నాను. ఆ మాట మీద నీతో కొంచెం పని ఉంది. కానీ ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాసేస్తాను. లేకపోతే "నేనడిగేదొకటి, నువ్వు రాసేదొకటి" అని మళ్లీ దెప్పుతావు.

ఈ జాబు గోపన్న మామ చేతికి ఇస్తున్నాను. ఆయన సెలవు అయిపోయింది. మంగళవారం సాయంత్రం ఇక్కడ బయలుదేరి మద్రాసులో విమానం ఎక్కుతాడట. గురువారం లోపల నీ రూముకు వచ్చి నీ చేతికే ఇస్తానని మాట ఇచ్చాడు. జాబుతో పాటు నిమ్మకాయ ఊరగాయ, చెనక్కాయల పొడి, అత్త చేసిన నిప్పట్లు పంపుతున్నాను. సంచీ ఎత్తి చూసి, "ఏందిమే, మీ ఊరగాయ మోసేదానికి నేనింకో టికెట్టు కొనాల్నా?" అన్నాడు. అంటూనే తీసుకున్నాడు. వచ్చిన రోజే రూములో అందరికీ పంచిపెట్టేసి, మర్నాటి నుంచి సీసా నాక్కుంటూ కూర్చోకు. నీకూ కొంచెం ఉంచుకో.

అత్త మోకాళ్ల గురించి అడిగావు. పొద్దున లేస్తూనే "పట్టుకపోయినాయి మే" అంటుంది. వీధిలో ఎవరింట్లోనైనా పంచాయతీ జరుగుతోందంటే మాత్రం నాకంటే ముందు అక్కడుంటుంది. నువ్వు పంపిన ఆయింట్‌మెంటు రోజూ రాస్తున్నాను. వాసన బాగుందని మెడకు కూడా రాయించుకుంటోంది. వాన సంగతి అడగొద్దు. మబ్బు మన మీదికే వస్తుంది, గాలి లేస్తుంది, ఆరేసిన బట్టలన్నీ నేను లోపలికి తెస్తాను, వాన చిట్వేలు వైపు పోతుంది. పెరట్లో నిమ్మచెట్లు రెండూ బతికే ఉన్నాయి. బట్టలు ఉతికిన నీళ్లు వాటికే పోస్తున్నాను.

శ్రావణంలో వస్తానన్నవాడివి, మీ సేటు సెలవు ఇవ్వడం లేదని రాశావు. కూరగాయల వ్యాను నడపడానికి ఇంకో డ్రైవరు దొరకలేదన్నావు. దాని గురించి కింద రాస్తాను.

ఇక లాప్‌టాప్. "అసలు నువ్వేం నొక్కినావు మే?" అని రాశావు. పక్కన ఉంటే గిల్లి ఉండేదాన్ని. ఆ లాప్‌టాప్ సెకండ్‌హ్యాండులో కొన్నది నువ్వు. నీ రూములో ఉండే కేరళాయన "లినక్స్ వేస్తా, వైరస్ రాదు, ఎవరికీ డబ్బు కట్టే పని లేదు" అంటే తలూపింది నువ్వు. పైన మూలన ఒక బాణం గుర్తు వచ్చి కూర్చుంటోంది, ఏంటది అని నేను అడిగితే, "అప్‌డేటు మే, అడిగినప్పుడు సరే అను, మంచిదే" అని చెప్పిందీ నువ్వే. నేను చేసిన తప్పల్లా నీ మాట వినడం.

ఆ రోజు గురువారం. మధ్యాహ్నం కుట్టాల్సిన జాకెట్లన్నీ కుట్టేశాను. పాప పడుకుంది. బాణం ఎప్పట్లాగే అక్కడే ఉంది. నొక్కాను. పాస్‌వర్డు అడిగింది, కొట్టాను. ఒక గీత మెల్లగా పాకుతూ పోయింది. మధ్యలో కరెంటు పోతుందేమోనని నేను కదలకుండా కూర్చున్నాను. మన వీధిలో ఎప్పుడు పడితే అప్పుడు పోయే కరెంటు ఆ రోజు పోలేదు. అంతా అయిపోయి, ఆపి మళ్లీ పెట్టమని అడిగితే సరే అన్నాను. కంపెనీ గుర్తు వెలిగింది. తెల్ల అక్షరాలు రెండు మూడు వరుసలు పరుగెత్తాయి. తర్వాత స్క్రీను నల్లబడిపోయింది. లోపల ఫ్యాను తిరుగుతోంది, చార్జరు లైటు వెలుగుతోంది, స్క్రీను మీద మాత్రం ఏమీ లేదు. బటన్ నొక్కి ఆపాను, మళ్లీ పెట్టాను. అదే వరస.

ఇది నీకు కాల్‌లో చెప్పాను. చెప్పనిది అత్త సంగతి. ఆవిడ వద్దంది, కానీ ఇప్పుడు రాసినా ఫరవాలేదు.

ఉగాది రోజు నువ్వు కొత్త చొక్కా వేసుకుని, నున్నగా గడ్డం గీసుకుని కనబడ్డావు కదా. నువ్వు మాట్లాడుతుండగానే అత్త వేలికి కాటుక అంటించుకుని నీ చెంప మీద దిష్టిచుక్క పెట్టింది. నీ చెంప అంటే స్క్రీను మీద. కాల్ అయిపోయాక నువ్వు పోయావు, చుక్క ఉండిపోయింది. నేను జాకెట్ల డిజైన్లు చూస్తుంటే ప్రతి బొమ్మ మీదా ఆ చుక్కే. తుడుద్దామంటే ఒప్పుకునేది కాదు. చివరకు ఆ గురువారం పొద్దున, మర్నాడు శుక్రవారం కదా, కొత్తది పెడతానని ఆవిడే తడిగుడ్డ తెచ్చి తుడిచింది. మధ్యాహ్నానికి స్క్రీను నల్లబడింది.

ఇంకేముంది. "నా కొడుకు మొగం నా చేతుల్తోనే తుడిపేసుకుంటినే" అని గోడకు ఆనుకుని కూర్చుంది. అది నేను చేసిన అప్‌డేటు వల్ల అత్తా అంటే వినదు. "నువ్వు నా మీద జాలితో చెప్తాండావులే" అంటుంది. అన్నం ముట్టలేదు. సాయంత్రం ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి లాప్‌టాప్‌కు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఇల్లంతా ఘాటు. పాప తుమ్ములే తుమ్ములు. లాప్‌టాప్ మాత్రం కళ్లు తెరవలేదు.

మర్నాడు మధ్యాహ్నం మేము ఆశ లేకుండానే, అలవాటుకొద్దీ దాన్ని పెట్టి కూర్చున్నాం. ఏమీ నొక్కకుండా అదే కాల్ ఎత్తుకునేట్టు ఆ కేరళాయన అమర్చి పంపాడు కదా, అత్తకు మౌసు పట్టడం రాదని. ఆ సంగతి నేను మరిచిపోయాను. నల్ల స్క్రీనులోంచి నీ గొంతు వచ్చింది. "ఏందిమా, అందరూ దయ్యాన్ని చూసినట్ల చూస్తాండారు?" అన్నావు.

అత్త ముఖం ఆ నిమిషంలో నువ్వు చూసే ఉంటావు. "యాడుండావురా నాయనా?" అంది. "ఈడనే ఉండా మా. నువ్వు బాగ కనబడతాండావు. ముక్కుపుడక కూడా కనబడతాంది" అన్నావు. ఆవిడ వెంటనే కొంగు సర్దుకుంది. మాకు నువ్వు కనబడవు, నీకు మేము కనబడతాం. అది ఎట్లా సాధ్యమో అత్తకు చెప్పలేక ఆ వారమంతా నా నోరు నొప్పి పుట్టింది.

పాప గురించి అడిగావు. నన్ను తలుచుకుంటుందా, దాచకుండా రాయి అన్నావు. దాచకుండానే రాస్తున్నాను. నువ్వు పోయేటప్పటికి దానికి అన్నప్రాశన కూడా కాలేదు. గోడ మీద ఫోటో చూపించి నాయన అని నేర్పించాను. ఫోటోను చూస్తుంది. ఫోటో కదలదు కదా, భయం లేదు. స్క్రీను మీద పెద్ద ముఖం కదులుతూ, మీసాలతో "అమ్మూ" అని పిలిస్తే "లాప్‌టాప్ మామ వచ్చినాడు" అని తలుపు వెనక్కి ఉరికేది. ఆ మాట నీకు వినబడకూడదని నేను గట్టిగా దగ్గేదాన్ని. నువ్వు విన్నావని నాకు తెలుసు. వినీ ఊరుకున్నావు.

ఆ నల్ల శుక్రవారం అది తలుపు వెనక నుంచి తొంగి చూసింది. ముఖం లేదు, గొంతే ఉంది. మెల్లగా వచ్చి స్క్రీను మీద చెయ్యి పెట్టి, "లోపల ఎవరుండారు?" అంది. తర్వాత పక్కింటి పిల్లి పిల్లల్ని పెట్టడం, అందులో ఒకదానికి తోక సగమే ఉండటం, అత్త దానికి పాలు పోయకపోవడం అన్నీ నీకు చెప్పింది. ఆ తర్వాత రెండు శుక్రవారాలూ నాకంటే ముందు అదే వచ్చి కూర్చుంది. అందుకే కదా నువ్వు జాబులో, "రిపేరుకు తొందర పడొద్దు మే, పాప మాట్లాడతాంది, ఇట్లనే బాగుండాది" అని రాశావు. అది చదివి నాకు కళ్లు తడిశాయి. నేనూ తొందర పడలేదు.

కానీ మొన్న బుధవారం రత్నమణి మేడం వచ్చింది. మన వెనక వీధిలో ఉంటుంది, జూనియర్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. జాకెట్టు గుడ్డలు ఇవ్వడానికి వచ్చి, మూలన లాప్‌టాప్ మీద నేను కప్పిన తువ్వాలు చూసి, "ఇదేంది శిల్పా, దీనికేమైనా జ్వరమా?" అంది. కథంతా చెప్పాను. ఆవిడకు అట్లాంటివి దొరికితే పండగ. జాకెట్టు కొలతలు మరిచిపోయి కింద కూర్చుంది.

ముందు బ్యాటరీ ఊడదీసి మళ్లీ పెట్టింది. ఏమీ కాలేదు. తర్వాత అడుగున ఏదో మూత విప్పుతానంది. విప్పింది, ఒక స్క్రూ పోగొట్టింది. ఇద్దరం నేల మీద పాకి పాకి వెతికాం. చివరకు నా దారపు ఉండల డబ్బాలో దొరికింది. వాన లేని ఉక్కకు ఆవిడ ముఖం ఎర్రగా అయిపోయింది, పౌరుషం మాత్రం తగ్గలేదు. "టార్చిలైటు ఉందా?" అంది. ఇచ్చాను. కిటికీ మూయమంది. మూశాను. టార్చి వెలుగును స్క్రీను మీద నేరుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా వేసి, "ఇట్లా వంగి చూడు" అంది.

బావా, అంతా లోపలే ఉంది. పాప ఫోటో స్క్రీను మీద పెట్టుకున్నామే, అది బూడిద రంగులో, లీలగా ఉంది. గుర్తులన్నీ వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి. ఆ బాణం గుర్తు కూడా ఉంది. "బొమ్మ ఉండాది శిల్పా. బొమ్మ వెనకాల వెలగాల్సిన లైటు వెలగడం లేదు, అంతే" అంది మేడం. లైటు మాడిపోయిందా అని అడిగాను. మళ్లీ ఆపి పెట్టించింది. మొదట్లో కంపెనీ గుర్తు తళతళా వెలిగింది కదా, మాడిపోయి ఉంటే అదెట్లా వెలుగుతుంది అంది. సూర్యుడి గుర్తు ఉన్న మీట నొక్కి చూసింది, వెలుగు పెరగలేదు. లినక్స్‌కు లోపల ఇంజను లాంటిది ఒకటుంటుందట, కెర్నెల్ అంటారట. అప్‌డేటులో దాని కొత్తది వచ్చింది. ఈ పాత లాప్‌టాప్ లైటును ఎట్లా వెలిగించాలో ఆ కొత్తదానికి తెలియడం లేదని ఆవిడ అనుమానం. "మనకొక్కరికే వచ్చుండదులే, ఎవరో ఒకరు నెట్‌లో రాసుంటారు, కాలేజీలో చూసి చెప్తా" అని లేచింది.

అత్త గడప దగ్గర నిలబడి అంతా వింటోంది. "అయితే తడిగుడ్డ వల్ల కాదా మేడమా?" అంది. కాదు పెద్దమ్మా, తడిగుడ్డకూ దీనికీ సంబంధమే లేదు అంది మేడం. నేను చెబితే వినని మనిషి కాలేజీ మేడం చెబితే నమ్మింది. ఆ పూట ఇంకో సంగటి ముద్ద అడిగి వేయించుకుంది.

నిన్న శనివారం మేడం మళ్లీ వచ్చింది. అత్త గుడికి పోయింది, పాప ఆవిడ వెంట పోయింది, ఇంట్లో మేమిద్దరమే. లాప్‌టాప్ పెట్టగానే, ఆ కంపెనీ గుర్తు పోకముందే ఎస్కేప్ మీట నొక్కమంది. నొక్కితే వెలుగుతున్న స్క్రీను మీద ఒక పట్టీ వచ్చింది. పైన కొత్త కెర్నెల్, కింద పాతది. కొత్తది వచ్చినా ఇది పాతదాన్ని పారేయదట, కింద ఉంచుతుందట. కిందికి బాణం నొక్కి పాతదాన్ని ఎంచుకుని ఎంటర్ కొట్టాను. అక్షరాలు పరుగెత్తాయి. వెలుగు పోలేదు. పాప ఫోటో రంగులతో సహా వచ్చేసింది. మేడం చప్పట్లు కొట్టింది.

"ఇంక ప్రతిసారీ నువ్వు ఎంచుకోనక్కరలేదు, పాతదే తనంతట తాను వచ్చేట్టు పెట్టేస్తా" అని మేడం మీటల మీద చెయ్యి వేసింది. నేను పట్టుకున్నాను. వద్దు మేడం, నేనే ఎంచుకుంటాలే అన్నాను. ఎందుకని అడిగింది. నా ముఖం చూసి ఇంకేమీ అడగకుండా, జాకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

ఎందుకో నీకు చెప్పాలి. మధ్యలో ఒక శుక్రవారాన్ని దాటేసి రాశాను, గమనించావో లేదో.

మొన్న శుక్రవారం నువ్వు కాల్ చేసినప్పుడు స్క్రీను ఇంకా నల్లగానే ఉంది. అత్త నీతో మాట్లాడి, వడియాలు తిరగేయడానికి పెరట్లోకి పోయింది. పాప నా ఒళ్లో కూర్చుని నీతో మాట్లాడుతోంది. నువ్వు దానికి ఒంటె గురించి చెబుతున్నావు. టార్చి నా కుట్టుమిషను మీదే ఉంది. నిన్ను చూసి నెల కావస్తోంది బావా. లోపల బొమ్మ ఉంటుందని బుధవారమే తెలిసింది కదా. నిన్ను ఒక్కసారి చూడాలనిపించింది. అంతకుమించి నా మనసులో ఏమీ లేదు. లేచి కిటికీ మూశాను. "ఏంది మే, చీకటి చేసినావు?" అన్నావు. ఎండ బావా అన్నాను. టార్చి కిందుగా, పక్క నుంచి వేసి వంగాను.

మొదట తెల్లగా ఏదో కనబడింది. దిండు అనుకున్నాను. నువ్వు కదిలితే అదీ కదిలింది. అరచేతి నుంచి మోచేయి దాకా కట్టు. మెడలోంచి ఒక గుడ్డ వేసి చెయ్యి వేలాడదీసుకున్నావు. నీ ముఖం చిక్కిపోయింది. గొంతు నవ్వుతోంది, ఒంటె ఎట్లా నములుతుందో పాపకు చేసి చూపిస్తోంది. పక్కకు జరగబోయి నువ్వు పళ్లు బిగించావు, కళ్లు మూసుకున్నావు. మళ్లీ తెరిచి, అదే నవ్వు గొంతుతో "తర్వాత ఏమాయె తెల్సా అమ్మూ" అన్నావు. మేము చూడటం లేదని కదా.

పాప నా చేతి కింద నుంచి తల దూర్చి చూసింది. చూసి నా చెవిలో, "అమ్మా, నాయనకు కట్టు కట్టినారు" అంది. నాయన అంది బావా. మామ అనలేదు. నేను అనమనలేదు, దానంతట అదే అంది. గుసగుసగా అంది కాబట్టి నీకు వినబడలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ తర్వాత అది ఒళ్లోంచి దిగి, స్క్రీనుకు ముఖం ఆనించి, ఆ తెల్లటి చోట ఉఫ్ ఉఫ్ అని ఊదింది. తను పడి మోకాలు గీరుకుంటే నేను ఊదుతాను కదా, అట్లా. నీకు కెమెరాలో దాని బుగ్గలే కనబడి ఉంటాయి. "ఏంది, పాప లాప్‌టాప్‌ను ఊదుతాంది?" అన్నావు. దుమ్ము బావా, దుమ్ము ఊదుతోంది అన్నాను. కరెంటు పోయేట్టుంది, మళ్లీ మాట్లాడుకుందాం అని మూసేశాను. కరెంటు ఎక్కడికీ పోలేదు.

నాకు కోపం వచ్చింది. లేదని అబద్ధం చెప్పను. రిపేరుకు తొందర పడొద్దని పాప కోసమే రాశావనుకుని కళ్లు తుడుచుకున్నదాన్ని. పాప కోసం కూడా అని ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ స్క్రీను నల్లగా ఉంటే నీ కట్టు మాకు కనబడదు కదా, అది రాయలేదే? నిన్న పొద్దున ఒక జాకెట్టుకు చేతులు తారుమారుగా కుట్టి, మొత్తం విప్పుకున్నాను. ఎందుకు దాచావు? నేను ఏడుస్తాననా? ఏడుస్తాను. ఏడిస్తే ఏమవుతుంది? నీ కోసం ఏడవడానికి కూడా నాకు చెప్పకుండా ఉంటే ఇంక నేను నీకు ఏమవుతాను?

కోపం ఒక పూటే ఉంది. తర్వాత భయం వేసింది. నాకు ఎదురుగా కుడివైపు కనబడింది అంటే అది నీ ఎడమ చెయ్యి అయి ఉండాలి. అద్దం ముందు నిలబడి, తలుపు దగ్గర నిలబడి, పాపను ఎదురుగా నిలబెట్టి తేల్చుకున్నాను. నీ జాబులో అక్షరాలు ఎప్పటిలాగే ఉన్నాయి, కుడిచెయ్యి బాగానే ఉన్నట్టుంది. అందుకు మొక్కుకున్నాను. కానీ ఆ దేశంలో గేరు కుడిచేత్తో వేస్తారని నువ్వే ఒకసారి చెప్పావు. అంటే కుడిచెయ్యి గేరు మీదికి పోతే స్టీరింగు ఎవరు పట్టుకుంటున్నారు? ఆ కట్టు చేత్తోనే వ్యాను నడుపుతున్నావా? అట్లా నడుపుతుంటే ఈ జాబు అందిన రోజే ఆపెయ్యి. నీ కాళ్లకు దండం పెడతాను, ఆపెయ్యి.

సేటు సెలవు ఇవ్వలేదన్న మాట నిజమో కాదో నాకు తెలియదు. కట్టుతో దిగితే అత్త తట్టుకోలేదని నువ్వే ఆగిపోయావేమో. లేక చెయ్యి పనికి రాదని తెలిస్తే మొత్తానికే పంపేస్తారని భయపడి, వాళ్ల దగ్గర కూడా దాస్తున్నావేమో. పంపనీ బావా. పంపితే రా. నాకు వ్యాను నడిపే చెయ్యి అక్కరలేదు. పాపను ఎత్తుకునేదానికి కుడిచెయ్యి చాలు. నా కుట్టుమిషను ఉంది, నిమ్మచెట్లున్నాయి, నిన్ను పుత్తూరు తీసుకుపోయి ఎముకల వైద్యుల చేత కట్టు కట్టించడానికి నేనున్నాను. పుత్తూరు కట్టుతో మన ఊళ్లో ఎంతమంది లేచి తిరుగుతున్నారో నీకు తెలుసు. నువ్వు ఇక్కడ మంచం మీద కూర్చుని నన్ను సతాయిస్తుంటే చాలు. అట్లా సతాయించి మూడేళ్లు దాటింది.

అత్తకు నేను చెప్పలేదు. పాప "నాయనకు కట్టు" అని చెప్పింది, ఆవిడ బొమ్మలాట అనుకుంది. అది నువ్వే నీ నోటితో చెప్పాలి. ఆవిడ నువ్వనుకున్నంత మెత్తటి మనిషి కాదు. తన చేత్తో నీ ముఖం తుడిపేశానని మూడు వారాలు మోసిన మనిషి, నీ కట్టును కూడా మోస్తుంది.

లాప్‌టాప్ నిన్ననే బాగైంది. కావాలంటే నేను నిన్నే నీకు ఫోను చేసి, స్క్రీను వచ్చింది రా చూద్దాం అని ఉండొచ్చు. చేయలేదు. నువ్వు తెలియక, చెయ్యి దాచుకోకుండా వచ్చి కూర్చుంటే నిన్ను దొంగను పట్టుకున్నట్టు పట్టుకోవడం అవుతుంది. ఒకసారి టార్చి వేసి చూశాను, అదే నాకు తప్పుగా ఉంది. రెండోసారి నువ్వు చూపిస్తేనే చూస్తాను.

అందుకే ఇట్లా అనుకున్నాను. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం లాప్‌టాప్ పెట్టేముందు ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. నువ్వు ఒక మిస్డ్ కాల్ ఇస్తే, పట్టీలో కిందది, ఆ పాతది ఎంచుకుంటాను. స్క్రీను వెలుగుతుంది. నువ్వు కట్టును టేబుల్ కింద పెట్టకుండా, పైన పెట్టుకుని కూర్చో. అత్తను నేను పట్టుకుంటాను. మిస్డ్ కాల్ రాకపోతే పైనున్న కొత్తదే ఎంచుకుంటాను. స్క్రీను నల్లగానే ఉంటుంది. టార్చి తీయను, పాప మీద ఒట్టు. నువ్వు ఎప్పట్లాగే నవ్వుతూ మాట్లాడు, నేను కూడా నవ్వుతూనే మాట్లాడతాను. కిటికీ తెరిచే ఉంచుతాను.

కానీ పాపకు వెలుగుతో పని లేదు బావా. కట్టు ఎక్కడుందో దానికి గుర్తుంది. స్క్రీను నల్లగా ఉన్నా సరే, అది వచ్చి ఊదుతుంది. దాన్ని మాత్రం నేను ఆపను.

ఇట్లు
అమూల్య వాళ్లమ్మ,
నీ మరదలు
శిల్ప